లార్స్ లెక్సెల్

లార్స్ గుస్తాఫ్ ఫ్రితియోఫ్ లెక్సెల్ (నవంబర్ 23, 1907 - జనవరి 12, 1986) స్వీడన్ దేశానికి చెందిన ప్రముఖ నాడీ శస్త్రవైద్యుడు, వైద్య పరికరాల రూపకర్త. పుర్రెను తెరవకుండా, మెదడు లోతుల్లోని ఒక చిన్న బిందువు మీదికి కిరణాలను కేంద్రీకరించి చికిత్స చేసే రేడియోసర్జరీ పద్ధతికి ఈయన ఆద్యుడు. ఆ పేరు పెట్టినది కూడా ఈయనే. భౌతిక శాస్త్రవేత్త బోర్యే లార్సన్‌తో కలిసి గామా నైఫ్ అనే యంత్రాన్ని రూపొందించాడు. ముఖంలో మెరుపులా వచ్చిపోయే తీవ్రమైన నొప్పికి, అనగా త్రిధార నాడీశూలకు, శస్త్రచికిత్స లేకుండా ఉపశమనం కలిగించే పద్ధతుల్లో రెండింటి మూలాలు ఈయన పరిశోధనల్లోనే ఉన్నాయి. వాటిలో ఒకటి ఈయన కోరి సాధించినది, రెండవది ఈయన బృందానికి అనుకోకుండా దొరికినది.

బాల్యం, విద్యాభ్యాసం

లెక్సెల్ స్వీడన్ పశ్చిమ తీరంలోని గోథెన్‌బర్గ్ నగర సమీపాన ఫెస్‌బెర్గ్ పారిష్‌లో జన్మించాడు. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో వైద్యవిద్య అభ్యసించాడు. 1935లో అదే నగరంలోని సెరాఫిమర్ ఆసుపత్రిలో హెర్బర్ట్ ఒలివెక్రోనా వద్ద నాడీ శస్త్రచికిత్సలో శిక్షణకు చేరాడు. స్వీడన్‌లో ఈ వైద్యశాఖకు పునాది వేసినవాడు ఒలివెక్రోనా. ఆయన విభాగానికి యూరప్ నలుమూలల నుండి వైద్యులు నేర్చుకోవడానికి వచ్చేవారు.

ఆ రోజుల్లో మెదడు శస్త్రచికిత్స అంటే గంటల తరబడి సాగే రక్తసిక్తమైన వ్యవహారం. కణితి ఎక్కడ ఉన్నదో పుర్రె తెరిచి చూస్తే తప్ప నిశ్చయంగా తెలిసేది కాదు. పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాలేదు. గురువు ఎంత నేర్పరి అయినా బల్లమీది నుండి తిరిగి లేవని రోగులు తక్కువేమీ కాదు. చేతి నైపుణ్యం మీద కంటే పరికరం మీద, కొలత మీద ఆధారపడే శస్త్రచికిత్స కావాలన్న పట్టుదల లెక్సెల్‌లో ఈ అనుభవం నుండే బయలుదేరింది.

1939-40 నాటి శీతాకాల యుద్ధంలో సోవియట్ యూనియన్ ఫిన్లాండ్‌పై దాడి చేసినపుడు, లెక్సెల్ స్వచ్ఛందంగా ఫిన్లాండ్ వెళ్ళి క్షతగాత్రులకు చికిత్స చేశాడు. వెన్నెముకలో దిగిన తూటాలను తీయాలంటే అడ్డుగా ఉన్న ఎముకను కొంచెం కొంచెంగా కొరికి తీయవలసి ఉంటుంది. అప్పటి పనిముట్లతో ఇది కష్టసాధ్యంగా ఉండేది. రెండు కీళ్ళ అమరికతో, తక్కువ బలంతో ఎముకను కొరికే పట్టకారు ఆలోచన ఆయనకు అక్కడే కలిగింది. లెక్సెల్ రాంజర్ పేరుతో ఈ పనిముట్టు నేటికీ శస్త్రచికిత్సా గదుల్లో కనిపిస్తుంది. రేడియోసర్జరీ గురించి ఎన్నడూ వినని ఎముకల వైద్యులకు కూడా లెక్సెల్ అనే పేరు దీని ద్వారా పరిచితమే.

గామా నాడీతంతువులు

యుద్ధకాలంలోనే లెక్సెల్ రాగ్నార్ గ్రానిట్ ప్రయోగశాలలో శరీరధర్మ శాస్త్ర పరిశోధన చేపట్టాడు. వెన్నుపాము నుండి కండరాలకు వెళ్ళే తంతువుల్లో లావుపాటివి కొన్ని, సన్ననివి కొన్ని ఉంటాయి. ఈ సన్నని తంతువులు కండరాన్ని నేరుగా ముడిచేవి కావని, కండరం సాగుదలను పసిగట్టే సూక్ష్మ అవయవాల సున్నితత్వాన్ని నియంత్రిస్తాయని ఈయన నిరూపించాడు. 1945లో వెలువడిన ఈ సిద్ధాంత గ్రంథం నాడీశాస్త్రంలో ఒక ముఖ్యమైన మెట్టుగా పరిగణింపబడుతున్నది. గ్రానిట్‌కు తరువాతి కాలంలో, 1967లో, దృష్టికి సంబంధించిన పరిశోధనలకు నోబెల్ బహుమతి లభించింది. ఆ సన్నని తంతువులకు గామా తంతువులని పేరు. గామా నైఫ్‌లోని గామా కిరణాలకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. ఒకే గ్రీకు అక్షరం ఒకే వ్యక్తి జీవితంలో రెండుసార్లు తారసపడటం కేవలం యాదృచ్ఛికం.

లుండ్ నగరంలో: స్టీరియోటాక్టిక్ చట్రం

1946లో లెక్సెల్ దక్షిణ స్వీడన్‌లోని లుండ్ నగరానికి వెళ్ళి అక్కడ నాడీ శస్త్రచికిత్సా విభాగానికి అధిపతి అయ్యాడు. 1947లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్పీగెల్, వైసిస్ అనే ఇద్దరు వైద్యులు మనిషి మెదడులోని ఒక స్థానాన్ని కొలతల ద్వారా చేరుకునే పరికరాన్ని ప్రకటించారు. అదే ఏడాది లెక్సెల్ అక్కడికి వెళ్ళి దానిని పరిశీలించి వచ్చాడు. సూత్రం నచ్చింది గానీ పరికరం వాడుకకు అంత అనుకూలంగా లేదు.

ఆయన 1949లో ప్రచురించిన సొంత నమూనా సరళమైన రేఖాగణితం మీద ఆధారపడినది. రోగి తలకు ఒక లోహపు చట్రాన్ని బిగిస్తారు. దానిపై పొడవు, వెడల్పు, ఎత్తులకు కొలబద్దలు ఉంటాయి. చట్రానికి అర్ధచంద్రాకారపు కమానును అమర్చి, ఆ కమాను కేంద్రం మెదడులోని లక్ష్యబిందువుతో ఏకీభవించేలా జరుపుతారు. ఇక కమాను మీద ఎక్కడ నుండి సూదిని లోపలికి పంపినా, దాని పొడవు కమాను వ్యాసార్ధానికి సమానమైతే, అది లక్ష్యాన్నే చేరుతుంది. వృత్తకేంద్రం నుండి పరిధిపైని బిందువులన్నీ సమదూరంలో ఉంటాయన్న పాఠశాల స్థాయి సూత్రమే ఇందులో ఉన్నది.

కమానుకు సూది బదులు కిరణాలను వెదజల్లే గొట్టాన్ని తగిలిస్తే ఏమవుతుంది అన్న ప్రశ్న ఈ పరికరం నుండి సహజంగానే పుట్టింది. గొట్టాన్ని కమాను పొడవునా జరుపుతూ కిరణాలు పంపితే, అవి ఎన్నో దిక్కుల నుండి వచ్చి కేంద్రంలో మాత్రమే కలుస్తాయి. దారిలోని కణజాలానికి ఒక్కొక్క కిరణం నుండి స్వల్పమైన మోతాదే అందుతుంది. కేంద్రంలో మోతాదులన్నీ కలిసి అక్కడి కణజాలాన్ని దెబ్బతీస్తాయి. పుర్రెకు రంధ్రం అవసరం లేదు, రక్తస్రావం లేదు, చీము పట్టే భయం లేదు. 1951లో లెక్సెల్ ఈ భావనను ప్రకటించి, దానికి రేడియోసర్జరీ అని పేరు పెట్టాడు.

త్రిధార నాడీశూల

ఈ పద్ధతిని మొదట ప్రయోగించిన వ్యాధి త్రిధార నాడీశూల. దీనిని ముఖనాడి నొప్పి అని చెప్పడం పరిపాటి అయినా అది సరికాదు. ముఖనాడి ఏడవ కపాల నాడి, ముఖ కండరాలను కదిలించేది. ఈ నొప్పి అయిదవ కపాల నాడికి చెందినది. ఆ నాడి మూడు శాఖలుగా చీలి నుదురు, చెంప, కింది దవడల స్పర్శను మెదడుకు చేరవేస్తుంది కనుక దానికి త్రిధార నాడి అనే పేరు వచ్చింది.

ఈ నొప్పి సాధారణంగా ముఖంలో ఒకవైపే వస్తుంది. కొన్ని సెకండ్లు మాత్రమే ఉంటుంది గానీ విద్యుత్ ఘాతంలా ఉంటుంది, రోజుకు ఎన్నోసార్లు తిరిగి వస్తుంది. పళ్ళు తోముకోవడం, నమలడం, మాట్లాడటం, చెంపకు చల్లగాలి తగలడం చాలు. భోజనానికే భయపడి చిక్కి శల్యమైన రోగుల వర్ణనలు పాత వైద్యగ్రంథాల్లో కనిపిస్తాయి. పంటి నొప్పి అని భ్రమపడి మంచి పళ్ళను ఒకటి తరువాత ఒకటిగా పీకించుకున్నవారూ ఉన్నారు. చాలామందిలో మెదడు కాండం సమీపంలో ఒక రక్తనాళం నాడీమూలాన్ని ఒత్తడం దీనికి కారణమని తరువాతి పరిశోధనల్లో తేలింది.

1950ల ఆరంభంలో దీనికి నమ్మదగిన మందు లేదు. కార్బమజెపిన్ అనే మూర్ఛ మందు ఈ నొప్పిని అణచగలదని తెలిసినది 1962లో. అంతకు ముందు రోగి ఎదుట ఉన్నవి రెండే దారులు. ఆల్కహాల్ ఇంజెక్షన్లతో నాడిని మొద్దుబార్చవచ్చు, కానీ కొంతకాలానికి నొప్పి తిరిగి వచ్చేది. లేదా పుర్రె తెరిచి నాడీమూలాన్ని కోయవచ్చు. కోస్తే నొప్పి పోయేది గానీ దానితోపాటు ముఖంలో సగభాగపు స్పర్శ కూడా పోయేది. కంటి కార్నియాకు స్పర్శ లేకపోతే నలుసు పడినా తెలియక కన్ను దెబ్బతినేది. నొప్పి వచ్చేది ఎక్కువగా యాభై దాటినవారికి కాబట్టి, పెద్ద శస్త్రచికిత్సను తట్టుకోలేని వృద్ధులే అధికంగా ఉండేవారు. ఒలివెక్రోనా విభాగం ఈ సమస్యతో చిరకాలంగా కుస్తీ పట్టినదే. అక్కడి ఓలోఫ్ షోక్విస్ట్ 1938లోనే, స్పర్శను వీలైనంత కాపాడుతూ నొప్పి దారిని మాత్రమే మెదడు కాండంలో కోసే శస్త్రచికిత్సను ప్రకటించాడు. అయితే అది ఇంకా ప్రమాదకరమైనది.

లెక్సెల్ దృష్టి ఈ వ్యాధిపై పడటానికి మరొక ఆచరణాత్మక కారణం ఉన్నది. ఆనాడు మెదడు లోపలి భాగాలను చూపించే స్కానర్లు లేవు, సాధారణ ఎక్స్-రే చిత్రంలో ఎముకలు మాత్రమే కనిపించేవి. త్రిధార నాడి శాఖలు కలిసే నాడీసంధి, అనగా గాసేరియన్ గాంగ్లియన్, పుర్రె అడుగు ఎముకలోని ఒక చిన్న గుంటలో ఉంటుంది. ఆ ఎముక గుర్తులను బట్టి దాని స్థానాన్ని తగినంత కచ్చితంగా లెక్కకట్టవచ్చు. 1950ల తొలి ఏళ్ళలో ఇద్దరు రోగులకు ఎక్స్-రే గొట్టాన్ని చట్రానికి అమర్చి ఈ నాడీసంధి మీదికి కిరణాలు పంపించాడు. నొప్పి తగ్గింది. అయినా ఆయన వెంటనే ప్రచారానికి దిగలేదు. 1971లో ఈ విషయాన్ని ప్రచురించే నాటికి ఆ ఇద్దరూ పదిహేనేళ్ళకు పైగా నొప్పి లేకుండా ఉన్నారు. కేవలం ఇద్దరు రోగుల ఫలితం ఏ పద్ధతినీ నిరూపించదు. కానీ ఇన్నేళ్ళ నిరీక్షణ వైద్యసాహిత్యంలో అరుదైన విషయమే.

ప్రోటాన్ల నుండి కోబాల్ట్ వరకు

సాధారణ ఎక్స్-రే గొట్టానికి పరిమితులు ఉన్నాయి. దాని కిరణాలు లోతుకు పోయేకొద్దీ బలహీనపడతాయి, ఎముకలో ఎక్కువగా శోషింపబడతాయి. మెదడు మధ్యభాగానికి ఇవి చాలవు. అందుచేత లెక్సెల్ ఉప్సాలా విశ్వవిద్యాలయంలోని గుస్తాఫ్ వెర్నర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న సైక్లోట్రాన్ వైపు చూశాడు. అక్కడి యువ భౌతిక శాస్త్రవేత్త బోర్యే లార్సన్ ఈయనకు సహచరుడయ్యాడు. అధిక శక్తి గల ప్రోటాన్ల పుంజంతో మెదడులో సన్నని, అంచులు స్పష్టంగా ఉండే గాయాన్ని చేయవచ్చని జంతువులపై ప్రయోగాల్లో తేలింది. 1958లో ఈ బృందం తమ ఫలితాలను ప్రచురించింది. తరువాత కొందరు రోగులకు కూడా ప్రోటాన్లతో చికిత్స చేశారు.

అయితే సైక్లోట్రాన్ భౌతిక శాస్త్రవేత్తల ప్రపంచానికి చెందినది. రోగిని అక్కడికి తరలించాలి, యంత్రం ఖాళీ దొరకాలి, దానిని నడపడానికి ఒక దళమే కావాలి. ఆసుపత్రిలో ఒక గదిలో ఇమిడే, శస్త్రవైద్యుడు స్వయంగా వాడగలిగే సాధనం కావాలన్నది లెక్సెల్ పట్టుదల. రేఖీయ త్వరణ యంత్రాలను కూడా పరిశీలించి, అవి అప్పటికి తగినంత కచ్చితమైనవి కావని పక్కన పెట్టాడు. చివరికి ఎంచుకున్నది కోబాల్ట్-60. ఇది 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల గామా కిరణాలను నిరంతరం వెలువరిస్తుంది. ఆన్ చేయడం, ఆఫ్ చేయడం అనే ప్రశ్న లేదు. కదిలే భాగాలు దాదాపు అవసరం లేదు. దాని అర్ధాయువు సుమారు 5.3 ఏళ్ళు కాబట్టి కొన్నేళ్ళకొకసారి కోబాల్ట్‌ను మార్చవలసి ఉంటుంది, అదొక్కటే ఇబ్బంది.

1968లో స్టాక్‌హోమ్‌లోని సోఫియాహెమెట్ ఆసుపత్రిలో మొదటి గామా యూనిట్ నెలకొన్నది. అందులో 179 కోబాల్ట్ మూలాలను ఒక గోళంలో కొంతభాగంలా అమర్చారు. ఒక్కొక్కదాని కిరణం సన్నని రంధ్రం గుండా వచ్చి ఒకే కేంద్రాన్ని తాకుతుంది. రోగి తలకు బిగించిన చట్రాన్ని లోపల సరిగ్గా ఆ కేంద్రం వద్ద నిలుపుతారు. 1949 నాటి కమాను సూత్రమే ఇక్కడ 179 స్థిరమైన దారులుగా మారింది.

ఈ యంత్రాన్ని లెక్సెల్ మొదట తలపెట్టినది కణితుల కోసం కాదు. భరించరాని నొప్పి, వణుకు, తీవ్రమైన మానసిక ఆందోళన వంటి వాటిలో మెదడు లోపలి నాడీమార్గాలను కత్తిరించడం దాని ఉద్దేశం. అందుకే తొలి యంత్రంలో కిరణాలు కలిసే ప్రదేశం పలుచని బిళ్ళ ఆకారంలో ఉండేది. ఆచరణలో మాత్రం పుర్రె లోపలి కణితులకు, రక్తనాళాల చిక్కుముడులకు దీని ఉపయోగం ఎక్కువని తేలింది. 1970లలో కరోలిన్‌స్కా ఆసుపత్రికి చేసిన రెండవ యంత్రంలో అందుకనుగుణంగా గోళాకారపు కిరణక్షేత్రం ఏర్పడేలా మార్చారు. తాను ఒక పనికి చేసిన పరికరం మరొక పనికి ప్రసిద్ధి చెందడం చూసిన వాళ్ళలో లెక్సెల్ ఒకడు.

త్రిధార నాడీశూలకు గామా యూనిట్‌తో చేసిన తొలి చికిత్సలు కూడా ఆశించినంత నిలకడగా లేవు. నాడీసంధిని లక్ష్యంగా చేసుకున్నవారిలో చాలామందికి నొప్పి తిరిగి వచ్చింది. లోపం కిరణాల్లో కాదు, లక్ష్యంలో ఉన్నదని తెలియడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఎం.ఆర్.ఐ. వచ్చాక నాడినే నేరుగా చూసే వీలు కలిగింది. నాడీసంధికి బదులు, నాడి మెదడు కాండం నుండి వెలువడే మూలభాగానికి గురిపెట్టడం 1990లలో స్థిరపడింది. 1996లో అయిదు కేంద్రాలకు చెందిన 50 మంది రోగుల ఫలితాలను కలిపి ప్రచురించిన అధ్యయనం, 70 గ్రే లేదా అంతకు మించిన మోతాదు మెరుగైన ఫలితమిస్తుందని చూపింది. అది చూడటానికి లెక్సెల్ జీవించి లేడు.

గ్లిసరాల్: అనుకోని ఫలితం

నాడీసంధి స్థానాన్ని ఇంకా కచ్చితంగా గుర్తించే ప్రయత్నంలో లెక్సెల్ బృందం మరొక ఉపాయం పన్నింది. టాంటలమ్ అనే లోహపు పొడి ఎక్స్-రేలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పొడిని నాడీసంధి చుట్టూ ద్రవం ఉండే చిన్న సంచిలోకి పంపితే అది శాశ్వతమైన గుర్తుగా నిలుస్తుంది. పొడిని మోసుకుపోవడానికి ఒక ద్రవం కావాలి కాబట్టి చిక్కగా ఉండే గ్లిసరాల్‌లో కలిపారు. ఇలా గుర్తు పెట్టిన రోగుల్లో కొందరికి, కిరణ చికిత్స మొదలుపెట్టక ముందే, నొప్పి మాయమైంది.

బృందంలోని స్టెన్ హకాన్సన్ దీనిని యాదృచ్ఛికమని వదిలిపెట్టలేదు. గ్లిసరాలే దీనికి కారణమని గుర్తించి, దానినే చికిత్సగా మలచి 1981లో ప్రచురించాడు. నోటి మూల పక్కగా చెంప గుండా సన్నని సూదిని పంపి, పుర్రె అడుగున ఉన్న ఓవల్ రంధ్రం ద్వారా ఆ సంచిని చేరి, కొన్ని చుక్కల గ్లిసరాల్ ఎక్కిస్తారు. రోగిని కూర్చోబెట్టి తల ముందుకు వంచి ఉంచుతారు, లేకపోతే ద్రవం జారిపోతుంది. పూర్తి మత్తు అవసరం లేదు. హకాన్సన్ నివేదించిన 75 మందిలో అత్యధికులకు ఉపశమనం కలిగింది. ముఖం పూర్తిగా మొద్దుబారకుండా నొప్పి తగ్గడం ఇందులోని విశేషం. కొందరిలో కొన్నేళ్ళకు నొప్పి తిరగబెట్టినా, ఇంజెక్షన్‌ను మళ్ళీ ఇవ్వవచ్చు. ఇదే దారిలో సూది పంపి వేడితో నాడీతంతువులను దెబ్బతీసే పద్ధతి 1974లోను, చిన్న బెలూన్ ఉబ్బించి నాడీసంధిని నొక్కే పద్ధతి 1983లోను అమెరికాలో ప్రచురితమయ్యాయి.

ఇతర కృషి

లుండ్‌లో ఉండగానే లెక్సెల్ అతిధ్వని తరంగాలతో మెదడును పరీక్షించడం మొదలుపెట్టాడు. తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకడితే మెదడు మధ్యరేఖ ఒక పక్కకు జరుగుతుంది. ప్రతిధ్వని ద్వారా ఈ జరుగుదలను కనిపెట్టవచ్చని 1956లో ప్రకటించాడు. సీ.టీ. స్కాన్ వచ్చేంతవరకు అనేక ఆసుపత్రుల్లో ఇది అత్యవసర పరీక్షగా కొనసాగింది. పార్కిన్సన్ వ్యాధికి ఈయన అనుసరించిన శస్త్రచికిత్సా లక్ష్యం ఫలితాలు 1960లో వెలువడ్డాయి. మందులు రావడంతో మరుగునపడిన ఆ పద్ధతిని 1992లో లైటినెన్ తిరిగి వెలుగులోకి తెచ్చాడు.

మానసిక వ్యాధులకు మెదడులోని తంతువులను ఛేదించే కాప్సులాటమీ చికిత్సలో కూడా లెక్సెల్ ప్రముఖుడు. మందులకు లొంగని తీవ్రమైన ఆందోళన, అబ్సెసివ్ కంపల్సివ్ వ్యాధి ఉన్నవారికి దీనిని చేశాడు. మెదడులో తిరిగి సరిదిద్దలేని మార్పు చేయడం ఎంతవరకు సమంజసమన్న చర్చ అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. పుర్రె తెరవనంత మాత్రాన ఆ ప్రశ్న తొలగిపోదు.

పదవులు, చివరి రోజులు

1958లో లుండ్‌లో ప్రొఫెసర్ అయిన లెక్సెల్, 1960లో గురువు ఒలివెక్రోనా స్థానంలో కరోలిన్‌స్కాలో ప్రొఫెసర్‌గా నియమితుడై 1974లో పదవీ విరమణ చేశాడు. స్టీరియోటాక్టిక్ పద్ధతి, రేడియోసర్జరీలపై ఈయన గ్రంథం 1971లో వెలువడింది. పరికరాలను తయారు చేసి అందించడానికి 1972లో ఎలెక్టా సంస్థ ఏర్పడింది. దాని నిర్వహణను కుమారుడు లారెంట్ లెక్సెల్ చేపట్టాడు.

విరమణ తరువాత కూడా ఈయన పని ఆపలేదు. సీ.టీ. స్కానర్‌కు, ఆపై ఎం.ఆర్.ఐ.కి సరిపడేలా తన చట్రాన్ని మార్చాడు. ఎం.ఆర్.ఐ.తో చట్రాన్ని జోడించడంపై సహరచయితగా ఉన్న వ్యాసం 1985లో, ఈయనకు 78 ఏళ్ళు నిండే సంవత్సరంలో, వెలువడింది. మరుసటి ఏడాది జనవరి 12న స్విట్జర్లాండ్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో నడకకు వెళ్ళినపుడు మరణించాడు.

తదనంతరం

లెక్సెల్ మరణించేనాటికి ప్రపంచంలో గామా నైఫ్ యంత్రాలు వేళ్ళపై లెక్కపెట్టగలిగినన్నే. 1987లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 201 మూలాలు గల యంత్రాన్ని నెలకొల్పిన తరువాత వ్యాప్తి వేగం పుంజుకున్నది. భారతదేశంలో ఇవి 1990ల చివర్లో ముంబై, ఢిల్లీ నగరాలకు వచ్చాయి.

త్రిధార నాడీశూలకు నేడు మొదట మందులే ఇస్తారు. మందులు పనిచేయనపుడు, శస్త్రచికిత్సకు తట్టుకోగల వారికి, నాడిని ఒత్తే రక్తనాళాన్ని పక్కకు తప్పించే సూక్ష్మ శస్త్రచికిత్స ఎక్కువకాలం నిలిచే ఫలితమిస్తుంది. వృద్ధులకు, ఇతర జబ్బులున్నవారికి, పుర్రె తెరవడానికి ఇష్టపడనివారికి గామా నైఫ్ గానీ, సూదితో చేసే పద్ధతులు గానీ సూచిస్తారు. గామా నైఫ్ ప్రభావం వెంటనే కనిపించదు. కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు పడుతుంది, అంతవరకు మందులు వాడుతూనే ఉండాలి. కొందరికి ముఖంలో తిమ్మిరి మిగులుతుంది. సూది పద్ధతుల్లో ఉపశమనం త్వరగా లభిస్తుంది కనుక, ఆహారం కూడా తీసుకోలేని స్థితిలో వచ్చిన రోగికి వైద్యులు తరచుగా వాటివైపే మొగ్గుతారు.